గౌతమీతీరమున కొన్ని పేర్లు



గౌతమీనది కోరంగిపాయను ప్రక్కకు సాగనంపి తాను సముద్రాభిముఖమై పోవుచోట, చుట్టును గోదావరి మండలపు వరిచేలు, కొబ్బరితోటలు ఆవరించియుండగా, 30 చదరపు కిలోమీటర్లలో ఇమిడియున్న మా యానామునకు నవంబరు మాసము స్మరణమాసము. ఏటేట ఆ మాసము ప్రవేశించినంతనే మూడు తేదీలు ఒకదానివెంట నొకటి వచ్చి, బ్రదికియున్నవారిని చనిపోయినవారి చెంతకు పిలుచుకొనిపోవును. మొదటిది ఒకటవ తేదీ: 1731 మొదలుకొని, నడుమ నడుమ ఇంగ్లీషువారి చేతికి పోవుచు తిరిగి వచ్చుచు, రెండువందల ఇరువది యేండ్లకు పైగా ఇచట నిలిచిన ఫ్రెంచి పాలన 1954లో ఆనాడు ముగిసి, పుదుచ్చేరి, కారైకాలు, మాహెలతోపాటు యానామును భారతదేశమున చేరినది. రెండవది రెండవ తేదీ: కతోలిక క్రైస్తవులు సకల మృతుల ఆత్మలను తలచుకొను దినము, మన జనుల వాడుకలో సమాధుల పండుగ. మూడవది పదునొకండవ తేదీ: నాలుగేండ్లు లోకమును దహించిన మొదటి ప్రపంచ మహాసంగ్రామము 1918లో ఆగిన రోజు, పుదుచ్చేరి సముద్రపుటొడ్డున, ఫ్రెంచి భారతము నుండి పోయి ఆ యుద్ధమున మడిసినవారి కొరకు కట్టిన స్మారకమందిరము చెంత నేటికిని పుష్పగుచ్ఛములుంచి మౌనముగా నిలుచు రోజు. ఈ మూడు దినముల నడుమ నా మనస్సు ప్రతి సంవత్సరమును ఒక్కచోటనే తిరుగాడుచుండును. అది మా ఊరి సమాధులతోట.

సమాధుల పండుగ చూడనివారి కొరకు నాలుగు మాటలు చెప్పెదను. పండుగకు రెండుమూడు రోజులు ముందునుండియే కొడవళ్ళు, పారలు పట్టుకొని ఇంటిల్లిపాదియు బయలుదేరి, వానకాలమున మోకాటిలోతు పెరిగిన గడ్డిని చెక్కి, తమవారి సమాధికి సున్నము కొట్టి, సిలువకు రంగు పూసి వత్తురు. రెండవ తేదీ సాయంకాలము బంతిపూల దండలు, కొవ్వొత్తుల కట్టలు, అగరువత్తులు చేతబట్టి మరల వత్తురు. గురువు ప్రార్థన చేసి పవిత్రజలము చిలుకరించుచు వరుసల నడుమ నడచిపోవును. ప్రొద్దు క్రుంకి గోదావరి మీదుగా చల్లగాలి తిరుగువేళకు, పగలంతయు పొదలును రాళ్ళునై కానవచ్చిన ఆ నేల చిన్నచిన్న దీపములతో నిండిపోవును. చాలా సంవత్సరములలో ఆ దినము కార్తికమాసమున పడుటచేత, ఇచట కొవ్వొత్తులు వెలుగుచుండగనే, అటు రేవున ఆకుదొన్నెలలో పెట్టి స్త్రీలు వదలిన ప్రమిదలు నీటిపై తేలియాడుచుండును. ఏ దీపము ఏ మతమునకు చెందినదో దూరము నుండి చూచువానికి తెలియదు.

ఆ తోటలో నిన్న మొన్న పోయినవారి గోరీలతోపాటు పాతవియు కలవు. ఫ్రెంచివారి కాలమున ఈ నేలపై కన్నుమూసిన ఉద్యోగులు, వర్తకులు, నావికులు, సిపాయీలు, గురువులు, పురిటిలో పోయిన తల్లులు, నెలలు నిండని పసిపాపలు — వీరందరిని ఇటుకతోను, గానుగసున్నముతోను కట్టిన ఆ కట్టడములు కప్పియుంచినవి. వానిపై పొదిగిన పలకల మీద రెండు శతాబ్దులుగా ఉప్పుగాలి నాలుకవలె రాయుచునే యున్నది. 1839 నాటి ఉప్పెనకు ఓర్చినదేదో, 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను, యానామును ఊడ్చివేసిన తుపానునకు కూలినదేదో చెప్పుటకు సాక్షులు లేరు. పలకపై మొదటి పంక్తిలో ‘సీ-జీ’ అను రెండు పొట్టిమాటలుండుట ఫ్రెంచివారి సంప్రదాయము. ‘ఇచట శయనించియున్నాడు’ అని దాని యర్థము. ఇచట శయనించియున్నాడను మాట మిగిలి, ఎవడు శయనించెనో ఆ పేరు మాసిపోయినచో, దానికంటె జాలిగొలుపు వాక్యము వేరొకటి యుండునా?

కొన్ని యేండ్ల క్రిందట అట్టి యొక పలక ముందు నేను పట్టపగలు చాలసేపు కూర్చుండి, తడిగుడ్డతో తుడిచి, వ్రేళ్ళతో తడిమి, ఒక్క యక్షరమైనను కూడగట్టలేక లేచిపోయితిని. ఆ సాయంకాలము పండుగకు వచ్చిన యొక ముసలమ్మ, తనవారి సమాధులకు పెట్టగా మిగిలిన కొవ్వొత్తిని వెలిగించి, గాలికి ఆరిపోవునని కాబోలు, ఆ పలక మీద నిలుపక దాని ప్రక్కన, అంచునకు ఆనించి, నేలమీద పెట్టినది. ఎవరిదమ్మా ఈ గోరీ యని యడిగితిని. “ఎవరిదో తెల్దండి బాబూ. పటాలం దొరదని మా అత్తగారనేవారు. ఆవిడ పెట్టేవారు, నేనూ పెడుతున్నానండి” అని ఆమె తన దారిని తాను పోయినది. నేనును పోవలసినవాడనే, కాని ప్రక్కవాటుగా పడిన ఆ వెలుగులో, సూర్యకాంతిలో చదునుగా తోచిన రాతిమీద సన్నని నీడలు లేచినవి. ఒక సంవత్సరపు అంకెలు రెండు, ఒక పేరులోని యక్షరములు మూడు, వానికి పైన సిలువగుర్తు. వంగి చూచుచుండగనే వత్తి తడబడి ఆరిపోయినది. నాకు అగ్గిపెట్టె లేకపోయినది. ఆ మూడక్షరములే నేటి ఈ ప్రసంగమునకు మూలము.

‘పటాలం దొర’ అను ఆ మాటలో మా ప్రాంతపు చరిత్ర చాల దాగియున్నది. మన పూర్వులు పరాసువారని పిలిచిన ఫ్రెంచివారును, ఇంగ్లీషువారును ఉత్తర సర్కారుల కొరకు పెనగులాడిన కాలమున, యానామునకు ఒక్కపూట ప్రయాణపు దూరమున, పిఠాపురము దాపునగల చందుర్తి పొలములలో 1758 డిసెంబరు మాసమున ఒక యుద్ధము జరిగినది. కాన్‌ఫ్లాన్ ప్రభువు ఫ్రెంచి సేనలకు నాయకుడు; కర్నల్ ఫోర్డు ఇంగ్లీషువారికి నాయకుడు; విజయనగర ప్రభువు ఆనంద గజపతిరాజు ఫోర్డునకు తోడైయుండెను. ఫ్రెంచివారి వైపున తెల్ల సోల్జర్లు సుమారు 500 మంది, సిపాయీలు సుమారు 6,000 మంది. ఫోర్డు తన తెల్లదండును ఏపుగా ఎదిగిన పైరుచాటున నిలిపియుంచగా, ఫ్రెంచివారు ప్రక్కనున్న దేశీయ సిపాయీలనే తెల్లదండని పొరబడి వారిపై విరుచుకుపడిరనియు, ఆ పొరబాటుతోనే వారి ఓటమి మొదలైనదనియు చరిత్రకారులు వ్రాసిరి. ఆ చేనిగట్ల మీద తెలుగుదేశపు భవిష్యత్తు తీర్పు పొందినది. మరుసటి ఏప్రిలులో మచిలీపట్నపు కోట పడిపోయినది. ఆ చరిత్రల నిండ నాయకుల పేర్లు కలవు. పడిన తెల్లసోల్జర్లకు కనీసము లెక్క కలదు. ఎర్రకోటు తొడిగినందులకు తెల్లవాడని భ్రమింపబడి, మొదటి వరుసలో గుండ్లకెదురై నిలిచిన సిపాయి పేరేమి? అతని తల్లి అతనిని ఏమని పిలిచెడిది? ఆ చేను నేటికిని దున్నబడుచున్నది.

ఇచట నొక మాట చెప్పక ముందుకు సాగలేను. హిందూస్థానమున ‘తిలంగా’ అను శబ్దమునకు చాలకాలము సిపాయి యని యర్థము. ఇంగ్లీషువారు మద్రాసు వైపునుండి వంగదేశమునకు ఓడలపై తీసికొనిపోయిన తొలి సిపాయీలలో తెలుగువారు మెండుగా నుండుటచేత, ఆ జాతిపేరే వృత్తిపేరైనది. 1857లో ఢిల్లీ పౌరులు తిరుగుబాటు సిపాయీలను, వారు తెలుగువారు కాకున్నను, తిలంగాలనియే పిలిచిరి. ఒక జాతి తన పేరును సైనికుడను పదమునకు పర్యాయముగా లోకమునకిచ్చుట సామాన్యమైన విషయము కాదు. కాని మనము గర్వపడుటకు ముందు సిగ్గుపడవలసియున్నది. జాతిపేరు నిఘంటువులకెక్కినది, మనుష్యుల పేర్లు మట్టిలో కలిసినవి.

ఇంతలో మీలో కొందరికి ఒక సందేహము కలుగవచ్చును, నాకును కలిగినది. పరదేశపు రాజుల కొరకు, మనలను లోబరచుకొనుటకు వచ్చినవాని సమాధికి మనము సున్నము కొట్టనేల? స్వాతంత్ర్యము కొరకు లాఠీదెబ్బలు తిన్న ఊరిలో, పటాలం దొరకు కొవ్వొత్తి యేల? మా ఫరంపేటలో పుట్టిన దడాల రఫేల్ రమణయ్యగారు ఫ్రెంచి ప్రభుత్వపు పోలీసుశాఖలో ఉద్యోగము చేసి, పిదప ఆ ప్రభుత్వమునే ఎదిరించి, 1954 జూన్ 13వ తేదీన యానాము విమోచనమునకు ముందు నిలిచినవారు. ఒకే మనుష్యుని జీవితమున రెండు జెండాలు ఎట్లు ఇమిడినవో అట్లే ఒకే శ్మశానమున రెండు చరిత్రలు ఇమిడియున్నవి. ఒకదానిని త్రవ్వి పారవైచినచో రెండవది గెలిచినట్లు కాదు. నర్సీపట్నమునకు పోయి చూడుడు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో అల్లూరి సీతారామరాజు దళము చేతిలో కూలిన స్కాట్ కవర్డ్, హైటర్ అను ఇరువురు ఆంగ్ల పోలీసు అధికారుల సమాధులు అచట కలవు. 1924 మే 7న తుపాకిగుండ్లకు బలియైన సీతారామరాజు సమాధి కృష్ణదేవిపేటలో కలదు. మనము పూజించుట కృష్ణదేవిపేటలోనే. మన బిడ్డలకు కథ చెప్పుట సీతారామరాజు కథయే. అయినను నర్సీపట్నపు సమాధులు ఉండవలెను. అవి లేనిచో, ఆ మన్యపు వీరుడు ఎంతటి బలముతో తలపడెనో చూపుటకు ఆ ఊరిలో రాతిసాక్ష్యమేది?

హైదరాబాదులో ఇంతకంటె వింతయైన దృశ్యము కలదు. నిజాము కొలువున సేనలను నడపి, 1798 మార్చి 25న మరణించిన మిషెల్ రేమో అను ఫ్రెంచి సేనానిని హిందువులు మూసారాము అనియు, మహమ్మదీయులు మూసారహీము అనియు పిలుచుకొని, చాలకాలము ఏటేట అతని సమాధి చెంత దీపములు వెలిగించి ఉత్సవము జరుపుకొనిరి. మూసారాంబాగు అను పేటపేరులో అతడు నేటికిని జీవించియున్నాడు. పేరు నోట నానినచో పరాయివాడు సైతము ఊరివాడగునని చెప్పుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము నాకు తెలియదు.

అయినను ఈ విషయమున నాకు పెద్ద దిక్కు మహాభారతమే. తిక్కన సోమయాజి తెలిగించిన స్త్రీపర్వమును చదివినవారికి ఆ ఘట్టము మరపురాదు. పదునెనిమిది దినముల యుద్ధము ముగిసినది. బంధువులు కలవారికి బంధువులు కలరు. కాని నానాదేశముల నుండి ఎవరి పిలుపుననో వచ్చి, ఎవరి పగకొరకో పోరి, తమవారెవ్వరును చెంతలేక కురుక్షేత్రమున పడియున్న వేలాది సైనికుల మాట యేమని ధృతరాష్ట్రుడు అడుగగా, ధర్మరాజు విదురుని, సంజయుని, ధౌమ్యుని పిలిచి, దిక్కులేదని యే యొక్క శరీరమును చెడిపోరాదని యాజ్ఞాపించి, వారందరికిని శాస్త్రోక్తముగా అగ్నిసంస్కారము చేయించినాడు. వారిలో ఎక్కువమంది తన శత్రువుల పక్షమున నిలిచినవారే. ఆ పిదప గంగ యొడ్డున ఒక్కొక్కరి పేరు చెప్పి జలప్రదానము చేయుచున్నప్పుడు కదా కుంతి నోరు విప్పి, కర్ణునకు కూడ నీళ్ళు విడువుము, అతడు నీ యన్న యని ధర్మరాజునకు చెప్పినది! జీవితమంతయు తన జన్మము మరుగుపడియుండిన వీరునకు, నీళ్ళు విడుచునప్పుడు గాని పేరు దక్కలేదు. పేరు చెప్పనిదే నీరు చేరదని మన సంప్రదాయము. తర్పణమున నామగోత్రములు అందులకే.

ఈ ధర్మమును మనవారు పండుగలలో కూడ పొదిగియుంచిరి. మాఘశుద్ధాష్టమినాడు, సంతానములేని భీష్మునకు, తండ్రి బ్రదికియున్నవారు సైతము తర్పణము విడువవచ్చునని శాస్త్రము. ఆ పైని దశమి రాత్రి అంతర్వేదిలో స్వామి కల్యాణము, మరునాడు భీష్మైకాదశినాడు రథోత్సవము. లక్షలాదిగా పోవు మా కోనసీమ జనులకు ఆ సంగతి తెలియనిది కాదు. లోకమందలి పుత్రులందరును ఒక సైనికునకు పుత్రులగు దినమది. పలనాటిలోని కారెంపూడిని చూడుడు. ఎనిమిది శతాబ్దులు గడచినను, ఏటేట కార్తికామావాస్య నాడు, పలనాటి యుద్ధమున పడిన అరువదియారుగురు వీరుల ఆయుధములను వారి వంశములవారును, ఆచారవంతులును మోసికొనివచ్చి, నాగులేటిలో కడిగి, వీరులగుడి చెంత పూజింతురు. ఆ వీరులలో పలు కులములవారు కలరు. ఏ రాజు కట్టించిన విజయస్తంభమును అంత యెడతెగక పూజలందుకొనుట నేనెరుగను. జనులు గుమికూడి, పేర్లను పాడిరి. అందువలన పేర్లు మిగిలినవి.

ఇంతవరకు ఇచటికి వచ్చి ఇచట శయనించినవారి మాట. ఇక ఇచటినుండి పోయి ఎచటనో శయనించినవారి మాట వినవలెను. పశ్చిమగోదావరిలో తాడేపల్లిగూడెమునకు సమీపమున మాధవరమను గ్రామము కలదు. ఇంటింటను సైనికుడు ఉండుటచేత దానిని మిలటరీ మాధవరమని పిలుచుట వాడుక. మొదటి ప్రపంచయుద్ధమునకు 90 మందియు, రెండవదానికి 1,110 మందియు తమ యూరినుండి పోయిరని ఆ గ్రామస్థులు చెప్పుకొందురు. పోయినవారి కొరకు వారు ఊరిలో స్మారకము నిలుపుకొనిరి. ఒక చిన్న పల్లె తన లెక్కను తాను నోటనిలుపుకొన్న తీరును తలచుకొన్నప్పుడెల్ల నాకు ఆ ఊరికి చేతులు మోడ్వవలెననిపించును. ఏలయన, రాజ్యములు చేసిన లెక్క వేరువిధముగా నున్నది.

ఆ లెక్క వినుడు. మొదటి మహాయుద్ధమున మరణించిన భారతీయ సైనికులు 74,000కు పైబడినవారు. యుద్ధమృతులందరిని, పదవీభేదము లేక, ఒక్కొక్కరిని పేరుపేరున స్మరింతుమను ప్రతిజ్ఞతో 1917లో బ్రిటిషు సామ్రాజ్యము ఒక సమాధుల సంఘమును స్థాపించినది. ఫ్రాన్సులోని నూవ్ షాపెల్ వద్ద 1927లో నెలకొల్పిన భారత స్మారకమున ఆ ప్రతిజ్ఞ చాలవరకు చెల్లినది. 4,700కు పైగా మనవారి పేర్లు ఆ తెల్లరాతిమీద చెక్కియున్నవి. కాని మెసపొటేమియాలో, ఇప్పటి ఇరాకులోని బస్రా స్మారకముపై జరిగినదేమి? 40,000కు పైబడిన మృతుల కొరకు కట్టిన ఆ స్మారకముపై బ్రిటిషు సైనికులకు పేరుపేరున అక్షరములు దక్కినవి, భారతీయులలో అధికారులకు దక్కినవి. సామాన్య సిపాయికి దక్కినది పటాలము పేరు, దాని ప్రక్కన ఒక సంఖ్య. ఇందరు చచ్చిరి అని. ఐరోపా కన్నులు చూచు చోట పేరు, చూడని చోట అంకె! శతాబ్దము గడచిన పిమ్మట, 2021లో, ఆ సంఘమే విచారణ జరిపించి, ఆసియా ఆఫ్రికాల సైనికుల విషయమున అన్యాయము జరిగినదని ఒప్పుకొని క్షమాపణ చెప్పినది. చెప్పుట మంచిదే. అయినను ఆ అంకెలలో ఒకటియైన మనుష్యుని భార్య, తన పెనిమిటి పేరు ఏ రాతిమీదనో కలదని నమ్మి కన్నుమూసియుండును.

ఈ దుఃఖపు కథలో ఫ్రెంచివారి దస్త్రపు అలవాటు ఒకటి నాకు ఊరట కలిగించును. న్యాయము కొరకు దానిని చెప్పవలెను. 1776 జూన్ మాసమున పదునారవ లూయీరాజు ఒక శాసనము చేసి, సముద్రముల కావలనున్న తమ స్థావరములన్నింటను పుట్టుక, పెండ్లి, చావు వ్రాయు పుస్తకములకు ఒక అదనపు ప్రతి తయారుచేసి, వర్సేల్సునకు పంపవలెనని నిర్ణయించెను. ఓడ మునిగినను, ఊరు కాలినను, శత్రువు పట్టుకొన్నను ఆ పేర్లు మిగులవలెనని వారి యుద్దేశము. ఆ సంప్రదాయమును అనుసరించి యానాము దస్త్రములును అటు పోయినవి. నేడవి దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్-అన్-ప్రోవాన్సు పట్టణమున, విదేశ స్థావరముల పత్రభాండాగారమున భద్రముగా నున్నవి. వాని ప్రతిబింబములను ఇంటినుండియే కంప్యూటరుపై చూడవచ్చును. మా గౌతమి యొడ్డున రాతిమీద చెరిగిపోయిన పేరు, ఏడువేల కిలోమీటర్లకు మించిన దూరమున ఒక గుమాస్తా చేతివ్రాతలో, వయస్సుతో, వృత్తితో, సాక్షుల సంతకములతో నిలిచియుండవచ్చును. ఉప్పుగాలికి రాయి లొంగినది, కాగితము లొంగలేదు. 1915లో ఫ్రాన్సు మరియొక చట్టము చేసి, యుద్ధమున పోయినవాని మరణపత్రమున ‘ఫ్రాన్సు కొరకు మరణించెను’ అను వాక్యము చేర్చు నియమము పెట్టినది. ఆ వాక్యముతో మనకు ఏకీభావము ఉండవచ్చును, లేకపోవచ్చును. దానికి ముందు ఒక మనుష్యుని పేరుండుటయే నాకు ముఖ్యము.

మనకు లేనిది భక్తి కాదు. ఎవరిదో తెలియని గోరీకి అత్తగారి నుండి కోడలు అందిపుచ్చుకొన్న కొవ్వొత్తి భక్తి కాక మరేమి? మనకు లేనిది పుస్తకము. వారికి పుస్తకము కలదు, దీపము పెట్టువారు లేరు. మనకు దీపము కలదు, పుస్తకము లేదు. ఈ రెండింటిని ఒక్కచోట చేర్చుట ప్రభుత్వముల నుండి నిధులు వచ్చువరకు ఆగవలసినంత గొప్ప కార్యము కాదు.

కావున యానాము వారికిని, కాకినాడ, సామర్లకోట, రాజమహేంద్రవరము, మచిలీపట్నము, భీమునిపట్నము మొదలగు పాతరేవుల, పాతదండుల పట్టణములవారికిని, పల్లెలవారికిని నాదొక విన్నపము. పాత సమాధుల పలకలను ఉలితో గీకకుడు, ఆమ్లములతో కడుగకుడు. అక్షరము సగము కనబడినప్పుడు తక్కిన సగమును ఊహించి రంగుతో దిద్దకుడు. మీ యూహ నిజమైన పేరును శాశ్వతముగా చెరిపివేయును. సున్నపు కట్టడముపై సిమెంటు పూయకుడు. ఉప్పు చెమ్మ బయటికి పోజాలక లోపలి ఇటుకను పిండి చేయును. మృదువైన కుంచెతో దుమ్ము తుడిచి, చీకటివేళ ఒక కొవ్వొత్తినో, చేతిదీపమునో పలకకు ప్రక్కగా, దాని అంచునకు దిగువగా పట్టి చూడుడు. పగలు లేని అక్షరములు లేచివచ్చును. కనబడినంతవరకే ఒక పుస్తకమున వ్రాసికొనుడు, కనబడని చోట చుక్కలు పెట్టుడు. ఒక ఛాయాచిత్రము తీయుడు. ఆ పుస్తకమునకు ఒక ప్రతి విచారణ గురువుగారి యొద్ద, ఒక ప్రతి ఊరి గ్రంథాలయమున, ఒక ప్రతి పాఠశాలలో ఉంచుడు.

మీ ఇంటినుండి పటాలమునకు పోయి తిరిగి రానివారు, తిరిగి వచ్చి పింఛనుతో బ్రదికి మీ ఊరి కాటిలో కాలినవారు ఎవరైన నుండినచో — వారు ఏ మతమువారైనను, ఏ జెండా క్రింద పోరినను — వారి పేరు, తండ్రి పేరు, ఊరు, పటాలము, పోయిన యేడు, పోయిన చోటు వ్రాసి ఆ పుస్తకముననే చేర్చుడు. పెట్టె అడుగున తాతగారి బిళ్ళ యొకటి ఉండవచ్చును. మహాయుద్ధముల బిళ్ళల అంచుల మీద సిపాయి పేరు, సంఖ్య చెక్కుట వాడుక, ఒకసారి భూతద్దముతో చూడుడు. మడతలలో చినుగుచున్న మనియార్డరు రసీదు ఉండవచ్చును. మీ నాయనమ్మ కంఠమున ఒక పేరు ఉండవచ్చును; ఆమెను నేడే అడుగుడు, రేపటికి వాయిదా వేయకుడు.

ఈ నవంబరు రెండవ తేదీ సాయంకాలము మీరు సమాధులతోటకు పోవునప్పుడు కొవ్వొత్తులతోపాటు ఒక కాగితము, ఒక పెన్సిలు, ఒక అగ్గిపెట్టె అదనముగా తీసికొనిపొండు. నేనును అచటనే యుందును. మూడక్షరముల దగ్గర నా పని ఆగియున్నది.